కావ్యనాయికలూ కల్లుముంతలూ

మా చెల్లెలి కొడుకు బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో పని చేస్తాడు. బారులో నిలబడి గ్లాసులు కలిపే పని. నిరుడు ఉగాదికి ఉద్దనపల్లికి వచ్చినాడు. పచ్చడి నాకుతా నన్నొక మాట అడిగినాడు.

"మామా, మా హోటల్లో కొత్తగా కొన్ని కాక్‌టెయిళ్ళు పెడతా ఉండారు. ఒక్కొక్క దానికీ పాత కథల్లోని ఆడమనిషి పేరు పెట్టాలంట. ఇంగ్లీషు పేర్లు అప్పుడే రాసిచ్చేసినారు. మన తెలుగులో అట్లాటోళ్ళు ఎవురైనా ఉండారా?"

నాకు మొదట కోపం వచ్చింది. మందుకు మన కావ్యనాయికల పేర్లా అని కాదు. "ఎవురైనా ఉండారా" అన్నాడే, దానికి. తరువాత ఆలోచిస్తే తప్పు వాడిది కాదనిపించింది. తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలతో అది మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పోయింది. ఆ మొదటి వరసలో వీడొకడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగులో తిడతాడు, తెలుగులో కలలు కంటాడు. అక్షరం మాత్రం చదవలేడు. వాడికి వరూధిని ఎవరో, మధురవాణి ఎవరో ఎవరు చెప్పాల?

కాబట్టి వాడికి చెప్పినాను. చెప్తా చెప్తా నాకే తెలియని దారులు కొన్ని కనబడినాయి. అవి ఇక్కడ మీతో పంచుకుంటాను.

మొదట తెలుసుకోవలసింది, కావ్యానికీ మధువుకూ ఉండే చుట్టరికం నేటిది కాదు. మహాకావ్యంలో ఏమేమి వర్ణించాలో దండి కావ్యాదర్శంలో ఒక పట్టిక ఇచ్చినాడు. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యచంద్రుల ఉదయాలు, తోటవిహారం, జలక్రీడ, వాటితోబాటు మధుపానం. మన తెలుగు కవులు చెప్పుకునే అష్టాదశ వర్ణనల్లో అదీ ఒకటి. కావ్యంలో మధుపానానికి కవి చోటిచ్చినాడు కాబట్టి, మధుపాత్ర మీద నాయిక పేరు కనబడితే కొంప మునిగేదేమీ లేదు.

రెండోది మన పక్కూరి కథ. ధర్మపురి పాత పేరు తగడూరు. సంగకాలంలో దాన్ని అదియమాన్ నెడుమాన్ అంజి ఏలినాడు. ఆయన చెలిమిని పాడినామె అవ్వయార్. దొరికిన అరుదైన ఉసిరికాయను ఆయన తాను తినక ఆమెకిచ్చిన కథ తమిళ పిల్లలందరికీ తెలుసు. ఆయన పోయినప్పుడు ఆమె పాడిన ఏడుపుపాట పుఱనానూరులో ఉంది. ఆ పాటలో ఆమె మొదట తలుచుకునేది ఆయన కత్తిని కాదు, రాజ్యాన్ని కాదు. తమతో ఆయన కల్లు పంచుకున్న తీరును. ఒక ఆడమనిషి, అందులోనూ కవి, రాజుతో సమానంగా కూర్చుని కల్లు తాగి పాడిందని చెప్పడానికి ఆ కాలం సిగ్గుపడలేదు. ఇది మన తెలుగు కథ కాదు, అయినా మన మన్ను కథ. తగడూరు మనకు ఎంత దూరం?

ఇక మందుకు ఆడవాళ్ళ పేర్లు పెట్టడం ఎక్కడ మొదలయిందని వాణ్ణే అడిగినాను. వాడి చదువు అదే కదా. అమెరికాలో ఈ కలిపే విద్యకు మొదటి పుస్తకం 1862లో జెర్రీ థామస్ అనే ఆయన వేసినాడంట. ఆ దేశంలో 1920 నుండి 1933 దాకా మద్యనిషేధం ఉండింది. అప్పుడు తాగేవాళ్ళూ కలిపేవాళ్ళూ కొందరు దగ్గరలోని క్యూబాకు పోయినారు. అక్కడ మూకీ సినిమాల తార మేరీ పిక్‌ఫోర్డ్ పేరుతో ఒక పానీయం పుట్టింది. రమ్ము, అనాసరసం, దానిమ్మ పాకం. పుస్తకాల పేర్లను విరిచి గ్లాసులకు పెట్టే సరదా ఈమధ్యది. టిమ్ ఫెడర్లే అనే ఆయన 2013లో దాని మీద ఒక పుస్తకమే వేసినాడు.

"అంతా వాళ్ళదే మామా, మనదేముంది?" అన్నాడు.

ఉంది. ఇంగ్లీషువాళ్ళ "టాడీ" మన దేశపు తాడి. తాటికల్లు ఓడెక్కి పోయి, అక్కడ వేడినీళ్ళు కలిపిన మందుకు పేరయింది. "పంచ్" అనే మాట 1632 నాటి ఈస్టిండియా కంపెనీ జాబులోనే కనబడుతుంది. అయిదు సరుకులు కలుస్తాయి కాబట్టి అది మన "పంచ" నుండే పోయిందని చాలామంది అంటారు. కలిపి తాగడం మనకు ఒకరు నేర్పింది కాదు. పులుపు, తీపి, చేదు, ఘాటు సరితూగాలని వాడి గురువు చెప్పినాడంట. అది చెప్పేటప్పుడు వాడి చేతిలో ఉన్నదేమి? ఉగాది పచ్చడి గిన్నె. ఆ మాటకు వాడూ నవ్వినాడు.

సరే, నాయికలు. మొదటామె వరూధిని. శ్రీకృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రలో ఉంది. అరుణాస్పదపురంలో ప్రవరుడని ఒక బ్రాహ్మణుడు. ఇల్లు కదలని వాడు. ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయానికి పోయినాడు. మంచుకు ఆ పసరు కరిగిపోయింది. తిరిగిరావడానికి దోవ లేదు. అప్పుడు గాలిలో కస్తూరి, కర్పూరం, తాంబూలం కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని పోతే వరూధిని కనబడింది. ఆమె మనసిచ్చింది, అతను తోసి పోయినాడు.

వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. తరువాత, "మామా, ఇది కథ కాదు, రెసిపీ" అన్నాడు. తమలపాకు నలిపి, నిమ్మరసం పిండి, జిన్ను పోసి, పచ్చకర్పూరం చూపించి, మంచుగడ్డ పొడి మీద వడకట్టాలంట. మంచు కరిగేకొద్దీ రుచి మారుతుంది, పసరు కరిగినట్టు. పచ్చకర్పూరం మాత్రం ఆవగింజలో సగం దాటకూడదని నేను గట్టిగా చెప్పినాను. ఎక్కువైతే అది విషమే. కస్తూరి జోలికి పోవద్దన్నాను. పెద్దన కవి వాసన చెప్పినాడు, జింకను చంపమనలేదు.

రెండో ఆమె మధురవాణి. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడినారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదివేది 1909లో ఆయన పెంచి రాసింది. ఆ నాటకంలో సారాదుకాణం రంగం ఒకటుంది. బైరాగీ హవల్దారూ అక్కడ చేరి మత్తులో వేదాంతం మాట్లాడతారు. పెద్దమనుషులు ఎందరో ఏదో ఒక మత్తులో ఉండే ఆ నాటకంలో తెలివి తప్పని మనిషి మధురవాణి. ఆమె వేశ్య. ఆమె నీడ పడితే మైలని అనుకునే సౌజన్యారావు ముందుకు మగవేషంలో పోయి, మంచీ చెడూ ఆయనకే నేర్పి వచ్చింది. ఈమెకు పైన తేనె, అడుగున మిరియం. మొదటి గుటక తీపి, తరువాత మంట. అది వాడి ఆలోచనే. నాకు నచ్చింది.

మూడో పేరుకు మాకు తగాదా వచ్చింది. వాడు సీత, ద్రౌపది, సత్యభామ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మన పక్క ఊళ్ళలో ధర్మరాయ గుళ్ళుండాయి, ద్రౌపదమ్మ అక్కడ దేవత. జనం మొక్కే పేరు బారు పలకమీద రాయడం మన పని కాదు. "తెలంగాణలో బోనాలకు అమ్మవారికే కల్లు సాక పోస్తారు కదా మామా?" అన్నాడు. పోస్తారు. అది అమ్మవారికి మనమిచ్చేది. ఇది అమ్మవారిని మనం అమ్ముకునేది. రెండూ ఒకటి కాదు.

అప్పుడు వాడికి మా అవ్వ కథ చెప్పవలసి వచ్చింది. ఇన్నేండ్లు నేను ఎక్కడా రాయని కథ.

రాజాజీ పుట్టింది మన హోసూరు పక్కన తొరపల్లిలో, 1878లో. కల్లు మాన్పించడమే పనిగా ఆయన "విమోచనం" అనే తమిళ పత్రిక నడిపినాడు. మద్రాసు రాజధానికి ప్రధాని అయినాక 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టినాడు. అప్పుడు హోసూరూ కృష్ణగిరీ సేలం జిల్లాలోవే. ధర్మపురి జిల్లా 1965లో, కృష్ణగిరి జిల్లా 2004లో వచ్చినాయి. అంటే రాజధానిలో మొదట కల్లంగడి మూసిన ఊళ్ళలో మన ఊళ్ళున్నాయి. తరువాతనే 1938లో చిత్తూరు, కడప, 1939లో ఉత్తర ఆర్కాటు. పోయిన రాబడికి బదులుగా 1939లో ఆయన అమ్మకం పన్ను తెచ్చినాడు. ఈనాడు మనం కొనే ప్రతి సరుకు మీదా పడే పన్నుకు అది ముత్తాత.

ఆ 1937లో మా అవ్వ కొత్తగా కాపురానికి వచ్చింది. తాత ఈతకల్లు మనిషి. కూలి డబ్బులు అంగడిలోనే అయిపోయేవంట. అంగడి మూసినాక ఒక ఏడాది ఆయన పొద్దుగూకే వేళకు రాగులు మూటగట్టుకుని ఇంటికి వచ్చినాడంట. "ఆ ఒక్క ఏడే నేను కాపురం చేసింది" అనేది మా అవ్వ. తరువాత గుట్టచాటున సారా కాచడం మొదలయింది. తాత అక్కడికి పోయినాడు. ఆయన పోయినప్పుడు మా నాయనకు తొమ్మిదేండ్లు. కల్లుగీసి బతికినవాళ్ళు ఆ చట్టంతో పని పోయి ఎంత అగచాట్లు పడినారో కూడా మా అవ్వే చెప్పింది. ఆమె ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ పొగడలేదు. జరిగింది చెప్పింది.

చట్టం తరువాత వస్తా పోతా ఉండింది. 1971లో తమిళనాడులో ఎత్తేసినారు, కొన్నేండ్లకే మళ్ళీ పెట్టినారు, 1981లో మళ్ళీ సడలించినారు. 2003 నుండి సర్కారే అంగడి తెరిచి అమ్ముతా ఉంది.

ఆంధ్రదేశంలో ఇంకొక కథ జరిగింది. నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచే కాలంలో చదువు నేర్చుకునే పెద్దలకు ఒక వాచకం ఇచ్చినారు. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. ఒక పల్లె ఆడమనిషి సారా మాన్పించడానికి నిలబడే కథ. రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కుని ఆ కథ చదివిన ఆడవాళ్ళు తమ ఊళ్ళలో సారాపాకల ముందు నిలబడినారు. దూబగుంట పేరు, రోశమ్మ పేరు 1992లో దేశమంతా తెలిసినాయి. 1993 అక్టోబరు 1న అక్కడ సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. చట్టం నిలిచిందా లేదా అన్నది వేరే లెక్క. ఒక పాఠంలోని నాయిక పుస్తకం దాటి వచ్చి అంగళ్ళు మూయించడం తెలుగులో మరెక్కడ జరిగింది? వరూధిని కోసం ప్రవరుడే ఆగలేదు. సీతమ్మ కోసం సర్కారు ఆగింది.

అక్షరం వస్తే అంత జరుగుతుంది. నేను చెప్పదలచుకున్నది అదే. ఆ ఆడవాళ్ళకు ఆ వయసులో అక్షరం అందింది. మా వాడికి ఈ వయసులో అందలేదు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మామా, బారుకు తాగనివాళ్ళూ వస్తారు. వాళ్ళకొక గ్లాసు ఉండాల. చింతపండు, బెల్లం, సొంటి, యాలక్కాయ వేసి పానకం చేస్తా. మందు చుక్క వేయను. సీతమ్మ పేరు దానికి పెడితే?" అన్నాడు. రాముడి సీతమ్మ అనుకుంటారేమో అన్నాను. "కింద కథ రాస్తాను కదా. ఏ సీతమ్మో తెలుస్తుంది" అన్నాడు. ఒప్పుకున్నాను.

నేనూ ఒక షరతు పెట్టినాను. పేర్లు ఇంగ్లీషులో ఎట్లైనా రాసుకో, పక్కన తెలుగక్షరాల్లో కూడా ఉండాల, అవి నీ చేత్తో నువ్వే రాయాల అని. ఆ రాత్రి ఇంట్లో దీపం కింద కూర్చుని పలక మీద నేర్చుకున్నాడు. ఇరవయ్యైదేండ్ల మనిషి. మూడు పేర్లకు రెండు గంటలు పట్టింది. "వరుధిని" అని రాసి చూపించినాడు. రకారానికి దీర్ఘం కావాలన్నాను. ఎందుకని అడిగినాడు. ఆమె పేరు అదే కాబట్టి అన్నాను. తుడిచి మళ్ళీ రాసినాడు.

బెంగుళూరులో ఆ పలక ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. వీడు మాత్రం పోయిన వారం ఫోను చేసి, మనుచరిత్ర తేలిక మాటల్లో ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగినాడు. నేనే వారానికి ఇంత అని రాసి పంపుతా ఉండాను, అక్షరాలు పెద్దవిగా చేసి. మీ ఇంట్లోనూ ఇట్లాటి పిల్లోడో పిల్లో ఉంటే, వాళ్ళు ఏ దారిన అడిగినా సరే, కోపగించుకోకుండా చెప్పండి.