పోచారం కట్ట – ఫోర్ట్రాన్ మూట

కామారెడ్డి జిల్లా పోచారం దగ్గర, మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1916-1922 మధ్య నిజాం కాలంలో కట్టిన ఆనకట్టకు నూరేళ్ళు నిండాయి. 2025 ఆగస్టు వరదలో కట్ట పక్కన మట్టి కోసుకుపోయింది గానీ రాతికట్టడం నిలిచింది. ఆ వార్తలు చూసిన మా మేనల్లుడు, ఇంజనీరింగు చివరి ఏడాది విద్యార్థి, నన్నడిగాడు: "మామయ్యా, ఇలాంటి చెరువులో వరద ఎంతెత్తుకు వస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాము రాస్తున్నాం. ఏ భాషలో రాయమంటారు?"

ఈ ప్రశ్న వయసు పోచారం కట్ట వయసులో సగానికి పైమాటే. 1957లో ఐబీఎంలో జాన్ బేకస్ బృందం ఫోర్ట్రాన్‌ను వెలువరించాక, గణిత సూత్రాన్ని ఇంచుమించు సూత్రంలాగే రాసే వీలు కలిగింది. అమెరికా సైనిక ఇంజనీర్లు 1968లో విడుదల చేసిన వరద లెక్కల ప్రోగ్రాము హెచ్ఈసీ-1 కూడా ఫోర్ట్రానే. ఆ మరుసటి ఏడే మన హైదరాబాదు ఈసీఐఎల్ టీడీసీ-12 కంప్యూటరును తయారుచేసింది. 1970లో నిక్లాస్ వర్త్ పాఠం చెప్పడానికి అనువుగా పాస్కల్‌ను రూపొందించాడు. 1972 నాటికి సీ, 1991లో పైథాన్ వచ్చాయి.

విద్యార్థిగా నేనూ ముగ్గురు మిత్రులతో కలిసి ఫోర్ట్రాన్‌లో ఒక ప్రోగ్రాము రాశాను. ఫోర్ట్రాన్ 77 ప్రమాణంలో పేరుకు ఆరక్షరాలే హద్దు. మేము ఆ ఆరూ వాడుకోక, ఒంటి అక్షరాలతో సరిపెట్టాం. మేము పట్టాలు పుచ్చుకున్న మరుసటి ఏడు, జూనియర్లకు అది అర్థం కాక మొదటి నుంచి రాసుకున్నారు. తప్పు భాషది కాదు, మాది.

విద్యార్థి ఏడాదిలో వెళ్ళిపోతాడు, చెరువు ఉండిపోతుంది. తరువాత వచ్చినవాడు ఘనపుటడుగులను ఘనపు మీటర్లనుకుంటే, ఆ లెక్కను నమ్మిన దిగువ ఊళ్ళ గతేమిటి?

అందుకే మావాడికి పైథాన్ అన్నాను. అది సొంతంగా చేసే లెక్క నెమ్మదే. కానీ 2006లో వచ్చిన నంపై ఆ బరువు మోస్తుంది. దానిలోని సమీకరణాల సాధనకు ఆధారం 1992 నాటి లాపాక్, అదీ ఫోర్ట్రాన్‌లో పుట్టిందే. తూము కొత్తది, కట్ట పాతది!

ఇంకొక మాటా చెప్పాను: వచ్చిన నీటిలోంచి పోయిన నీటిని తీసేస్తే నిల్వలో మార్పు తేలాలి. ముందు ఒక చిన్న ఉదాహరణను చేత్తో లెక్కగట్టి, ప్రోగ్రాము జవాబుతో సరిచూడండి. కొలమానాలు ప్రతి వరుస పక్కనా రాయండి.

భాషను ఎంచుకోవడమంటే మన తరువాత చదివేవాడిని ఎంచుకోవడమే. పోచారం కట్టినవారు మనల్ని ఎరుగరు. అయినా మనకోసమే కట్టారు.