లంఖణం నుండి లవణజలం దాకా

"లంఖణం పరమౌషధం" అను సామెత తెలుగువారికి కొత్త కాదు. కడుపు బరువెక్కినను, జ్వరం తగిలినను మన పెద్దలు మొట్టమొదట అన్నపు గిన్నెను రోగికి దూరంగా జరిపెడివారు. అజీర్తి విషయంలో ఈ మాటకు కొంత విలువ లేకపోలేదు. అయితే వాంతిభేది పట్టిన మనిషికి అన్నంతోబాటు నీటిని కూడ నిలిపివేయు అలవాటు ఈ సామెత నీడలోనే పెరిగినది. లోనికి పోయిన నీరే విరేచనంగా వెలుపలికి వచ్చుచున్నది గనుక, నీరు మాన్పించినచో విరేచనం కట్టునని తల్లులు నమ్మినారు. తల్లులే కాదు, పేరుమోసిన వైద్యులు సైతం నూరేండ్లకు పైగా ఇంచుమించు ఇట్లే తలచినారు. ఆ నమ్మకం ఎట్లు తొలగినదో, దానిని తొలగించుటలో రోగి ప్రక్కన కూర్చున్నవారి కొలపాత్ర ఎంత పనిచేసినదో మనవి చేయుట మా ఉద్దేశం.

ముందుగా పేగుల లెక్క ఒకటి తెలిసికొనవలెను. మనం దినానికి త్రాగు నీరు, ఆహారంలోని తడి కలిసి సుమారు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగులు తాముగా ఊరించు రసం కలిసి మరి 7 లీటర్ల వరకు దినదినం జీర్ణనాళంలోనికి దిగుచున్నవి. ఈ 9 లీటర్లలో మలంతో వెలుపలికి పోవునది 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే. తక్కినదంతయు పేగుల గోడలు తిరిగి పీల్చుకొని రక్తానికి అప్పగించుచున్నవి. అతిసారమనగా ఈ రాకపోకల లెక్క తప్పుట. కలరాలో గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చును. నీటితోబాటు ఉప్పు, క్షారం కూడ పోవును. కండ్లు గుంటలు పడును. నాలుక ఎండును. చర్మాన్ని చిటికెతో ఎత్తి వదలినచో ముడుత వెంటనే సర్దుకొనదు. మూత్రం ఆగిపోవును, నాడి అందదు. ప్రొద్దున నడచుచుండిన మనిషి సాయంకాలానికి లేకపోవుట ఈ కారణం చేతనే.

1817లో వంగదేశంలోని జెస్సూరు ప్రాంతం నుండి బయలుదేరిన కలరా దేశదేశాలకు ప్రాకినది. తెలంగాణంలో దానిని గత్తర అన్నారు. ఊరి పొలిమేరలో అమ్మవారికి జాతరలు చేసినారు, ఊళ్లు విడిచి పోయినారు. 1831లో ఆ వ్యాధి ఇంగ్లండులోని సండర్లాండు రేవును చేరినది. అక్కడి వైద్యులకు తెలిసిన చికిత్సలు నెత్తురు తీయుట, పాదరసపు మందుచే ఇంకను విరేచనాలు చేయించుట, నల్లమందు ఇచ్చుట. అప్పటికే నీరింకి చిక్కబడిన నెత్తురును మరల బయటికి తీయుటకంటె అపకారం వేరొకటి ఉండదని నేడు మనం చెప్పగలము. నాడు అట్లు చెప్పినవాడు ఒక 22 ఏండ్ల యువకుడు, విలియం బ్రూక్ ఓషానెస్సీ. అతడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, ఉప్పు, క్షారం తరిగిపోయినవని కనుగొన్నాడు. పోయినదానిని తిరిగి రక్తానికి చేర్చవలెనని ప్రకటించినాడు. ఇతడే తరువాత కలకత్తాకు వచ్చి వైద్య కళాశాలలో ఆచార్యుడై, మన దేశంలో తంతి వ్యవస్థకు పునాది వేసినాడు.

ఓషానెస్సీ మాటను ఆచరణలో పెట్టినవాడు స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా. 1832లో, ఇక ఆశ లేదనుకొన్న ఒక వృద్ధురాలి నరంలోనికి ఆయన ఉప్పునీటిని ఎక్కించినాడు. అరగంటలో 6 పైంట్లు, అనగా మూడు లీటర్లకు పైచిలుకు నీరు లోనికి పోయినది. చల్లబడిన చేతులు వెచ్చబడినవి, ముఖంలో కళ వచ్చినది, నాడి తిరిగి ఆడినది. బాగా అలసియున్న లాటా ఆమెను ఆసుపత్రి వైద్యునికి అప్పగించి వెళ్లినాడు. కొంతసేపటికే వాంతులు, విరేచనాలు మరల మొదలైనవి. ఆ సంగతి లాటాకు ఎవరును తెలుపలేదు. నీరు మరల ఎక్కించలేదు. ఐదున్నర గంటలలో ఆమె మరణించినది.

ఈ ఘట్టాన్ని మేము ప్రత్యేకంగా చెప్పుటకు కారణమున్నది. లాటా చికిత్సలో లోపం లేదు. పోవుచున్న నీటిని కనిపెట్టి, పోయినంత తిరిగి ఇచ్చువారు లేకపోయినారు. శిక్షణ పొందిన నర్సులు ఆ కాలంలో లేరు. చికిత్స ఒక గడియలో ముగియునని, తరువాతిది కాలం చూచుకొనునని అందరును భావించినారు. లాటా 1833లోనే కన్నుమూసినాడు. శుద్ధి చేయని నీరు, చావు బ్రతుకుల అంచున మాత్రమే దానిని వాడుట వలన ఫలితాలు చెడి, ఆ పద్ధతి దాదాపు మరుగున పడినది.

1884లో కలకత్తాలో రాబర్ట్ కోచ్ కలరా సూక్ష్మజీవిని గుర్తించిన తరువాత కూడ రోగి మరణించుట తగ్గలేదు. కారకుడు దొరికినంత మాత్రాన పోయిన నీరు తిరిగి రాదు గదా. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో కలకత్తాలోనే లెనార్డ్ రోజర్స్ గాఢమైన ఉప్పునీటిని నరంలోనికి ఎక్కించి మరణాలను దాదాపు సగానికి తగ్గించినాడు. క్రమంగా సెలైను మెరుగుపడినది. అయితే దానికి శుద్ధమైన సీసాలు, సూదులు, నేర్పు గల చేతులు కావలెను. కలరా చొరబడునది ఇవి దొరకని చోటనే.

మరి నోటితో ఏల త్రాగించలేదు? కలరాలో పేగుల లోపొర ఊడిపోవునని, అందుచేత త్రాగిన నీరు ఒంటబట్టదని పండితులు చాలకాలం నమ్మినారు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ఈ నమ్మకాన్ని లెక్క చేయక, లీటరు నీటిలో 4 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల గ్లూకోజు కలిపి 186 మంది రోగులకు నోటి ద్వారానే ఇచ్చి కోలుకొనజేసినాడు. వాంతులు కట్టుటకు మన పెరళ్లలో పెరుగు వామాకు రసాన్ని కూడ వాడినాడు. ఈ వార్త లండను నుండి వెలువడు లాన్సెట్ పత్రికలో అచ్చైనది. కాని రోగి ఎంత త్రాగినాడు, ఎంత విసర్జించినాడు అను జమాఖర్చు అందులో లేకపోవుటచే వైద్యలోకం దానిని పట్టించుకొనలేదు.

తాళపుచెవులు ఒక్కొక్కటిగా దొరికినవి. 1959లో శంభునాథ్ డే, కలరా క్రిమి ఒక విషాన్ని పుట్టించి పేగులోనికి నీటిని స్రవింపజేయునని కలకత్తాలో నిరూపించినాడు. పేగు లోపొర ఊడిపోవుట లేదని కూడ ఆ సమయంలోనే తేలినది. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు, పేగు గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా లోనికి పోవునని ప్రేగ్ నగరపు సభలో ప్రతిపాదించినాడు. ఒక కాడికి కట్టిన రెండెడ్ల వలె ఇవి కలిసి నడచును. వాని వెంట బండి వలె నీరు పోవును. కలరా విషం ఇతర ద్వారాలను పాడుచేసినను ఈ ద్వారం తెరచియే ఉండును. ఒట్టి నీరు, ఒట్టి ఉప్పునీరు చేయలేని పనిని పిడికెడు చక్కెర తోడైనప్పుడు ఉప్పునీరు చేయుటలోని మర్మమిదియే.

మర్మం తెలిసినంతనే మేలు జరుగలేదు. 1962లో మనీలాలో జరిపిన ప్రయోగంలో పాళ్లు కుదరక కొందరు రోగులు మరణించినారు. ఆ వైఫల్యం తరువాత 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను యువ వైద్యులు ఒక నియమం పెట్టుకొన్నారు: ఎంత పోయినదో అంత త్రాగించవలెను. మధ్య రంధ్రం గల మంచం, దాని క్రింద గీతలు గల బాల్చీ వారి ముఖ్య పరికరాలు. బాల్చీలోని కొలతను చూచి లోటాలోని కొలతను నిర్ణయించినారు. సెలైను అవసరం నూటికి 80 వంతులు తగ్గినది. 1832లో లీత్‌లో లోపించినది ఈ కాపలాయే, ఈ కొలతయే.

అసలు పరీక్ష 1971లో వచ్చినది. తూర్పు పాకిస్తాను నుండి సుమారు కోటి మంది కాందిశీకులు భారతదేశానికి తరలివచ్చినారు. పశ్చిమ వంగంలోని బొన్‌గాఁవ్ ఆసుపత్రి గదుల నిండ కలరా రోగులు నేల మీదనే పడియున్నారు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ వద్ద సెలైను నిండుకొన్నది. ఆయన లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించినాడు. పీపాలలో కలిపిన ద్రవాన్ని రోగుల తల్లులు, అన్నదమ్ములు కప్పులతో పట్టుకొని వచ్చి త్రాగించినారు. నూటికి 25, 30 మంది మరణించుచుండిన చోట ఆ సంఖ్య 3.6కు దిగినది. ద్రవాన్ని కలుపు విధానాన్ని బంగ్లాదేశ్ రహస్య రేడియో కేంద్రం కూడ ప్రసారం చేసినది. రేడియో వాణి ఇన్ని ప్రాణాల అవసరానికి అక్కరకు వచ్చిన సందర్భాలు అరుదు. మహలనబీస్ 2022లో దివంగతుడైనాడు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినారు.

1978లో లాన్సెట్ పత్రిక ఈ ఆవిష్కరణను ఆ శతాబ్దపు వైద్యంలో అత్యంత ముఖ్యమైనది కాదగినదని కొనియాడినది. 1980 నుండి 1990 వరకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ స్త్రీలు కోటికి పైగా ఇండ్లకు తిరిగి, మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీరు కలుపుట తల్లులకు నేర్పినారు. తల్లులకు ఎంత గుర్తున్నదో పరీక్షించి, దానిని బట్టియే ఆ స్త్రీలకు జీతమిచ్చినారు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు, గ్లూకోజుల పాళ్లను తగ్గించి నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని స్థిరపరచినది. పిల్లలకు 10 నుండి 14 దినాలు జింకు ఇచ్చుట కూడ తరువాత చేరినది.

ఇక ఇంటి పరిచర్య. పొట్లాన్ని దానిపై చెప్పినంత శుభ్రమైన నీటిలో పూర్తిగా కలుపవలెను. సగం పొట్లం సగం నీరు అని తూచరాదు. కలిపినది 24 గంటలు దాటినచో పారబోయవలెను. పొట్లం దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 సమానమైన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలును. చెంచా టీ చెంచాయే కావలెను. ఉప్పు ఎక్కువైనచో బిడ్డకు హాని. రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద బిడ్డకు 100 నుండి 200 మిల్లీలీటర్లు పట్టవలెను. వాంతి అయినచో 10 నిముషాలు ఆగి, చెంచాతో మెల్లగా మరల మొదలిడవలెను. తల్లిపాలు మాన్పరాదు, గంజి, మెత్తని అన్నం, మజ్జిగ మాన్పరాదు. మలంలో నెత్తురు కనిపించినను, బిడ్డ త్రాగలేక మగతగా పడియున్నను, మూత్రం రాకున్నను ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చవలెను; అక్కడ సెలైనే శరణ్యం.

ఇంత సులభమైన చికిత్స చేతిలో ఉండగా, నేటికిని ప్రపంచంలో ఏటేటా లక్షల మంది పసిబిడ్డలు అతిసారం వలన మరణించుచున్నారు. పొట్లం అందక కొందరు, అందినను రెండు గుక్కలతో సరిపెట్టుటచే కొందరు, "నీరు పోసినచో ఇంకను పోవును" అను భయం వలన కొందరు. విరేచనాన్ని ఆపునది ఈ ద్రవం కాదు; అది తనంతట ఆగువరకు ప్రాణాన్ని నిలుపునది. అందుచేత ఒక రాత్రంతయు మేల్కొని, పోయినంత పోయుచు కూర్చున్న తల్లి చేయు పనిని ఏ మందును చేయజాలదు. అజీర్తికి లంఖణాన్ని ఉంచుకొందము. వాంతిభేదికి మాత్రం దానిని దరి చేరనీయరాదు.