బాస్వర్తు వరాహచిహ్నము

క్రీ. శ. 1485 ఆగస్టు 22వ తేదీని ఇంగ్లండు రాజగు మూఁడవ రిచర్డు బాస్వర్తు యుద్ధమునఁ గూలెను. ఆంబియన్ కొండయే యా రణరంగమని చరిత్రకారులు చిరకాలము నమ్మిరి. 2009లో లోహశోధకయంత్రములతోఁ బొలములను పరీక్షించుచుండఁగా, ఆ కొండకు నైరృతిని సుమారు 2 మైళ్ల దూరమున, పూర్వము బురదనేల యైన చోటికి సమీపమున, బంగారుపూత గల చిన్న వెండివరాహము దొరకెను.

ఇది యెవరిది? రిచర్డు డాలుపై సింహములును లిల్లీపువ్వులును గలవు. వరాహ మందు లేదు. కాని వంశలాంఛనము వేఱు, పరివారము ధరించు చిహ్నము వేఱు. రిచర్డుని శ్వేతవరాహ మీ రెండవ జాతిది. 1483లో యార్కునందు కుమారుని యువరాజపదవీప్రదానమునకై యతఁడు మోటుబట్టపై నిట్టి వరాహములను 13,000 చేయించెను. యార్కు లాటిను నామమగు ‘ఎబొరాకమ్’ నుండి వరాహార్థకమగు ‘బోర్’ శబ్దమును సాధించువారును గలరు. వర్ణవ్యత్యయమున నేమైనను సాధింపవచ్చును!

సామాన్యభటునకు బట్టచిహ్నము చాలును. వెండిది ధరించినవాఁడు రాజపరివారమున నున్నతుఁ డనుట యుక్తము. పాఱిపోవుచు నెవఁడో జాఱవిడిచెనేమో యను శంక సహజమే. అయినను ఆ పరిసరపు పొలములందే 30కిఁ బైగా ఫిరంగిగుండ్లు దొరకుటచే, యుద్ధము కొండమీఁదఁ గాక దిగువనే జరిగె నని యొప్పుకొనవలసియున్నది. రాజు బురదనేల చెంతఁ గూలె నని యూహించుటకు మాత్ర మీ వరాహమే ముఖ్యాధారము.