చింకిగుడ్డల నుంచి అట్టపెట్టె దాకా



సరిహద్దుకు అటూ ఇటూ సంతలు చూసినవారు మీరు. పత్తి అమ్మినవాడికన్నా గుడ్డ అమ్మినవాడి చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయని మీరెరిగినదే. ఐరోపా దేశాల మధ్య సాగిన కాగితం వ్యాపారం శతాబ్దాలుగా చెబుతున్న పాఠం కూడా అదే.

ఆనాడు కాగితానికి ముడిసరుకు చెట్టు కాదు, చిరిగిన నారబట్టలు. 13వ శతాబ్దంలో ఇటలీలోని ఫాబ్రియానో పనివారు నీటిచక్రంతో ఆడే రోకళ్లతో చింకిగుడ్డలు దంచి, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు పట్టించి, గట్టి కాగితం చేశారు. ఆ సరుకు ఆల్ప్స్ కొండలు దాటి జర్మన్ పట్టణాలకు చేరేది. ఎంతకాలం కొనుక్కుంటామని, 1390లో న్యూరెంబర్గ్ వర్తకుడు ఉల్మాన్ ష్ట్రోమర్ ఇటలీ పనివారిని రప్పించి సొంత మిల్లు పెట్టాడు. తనకు తప్ప మరెవరికీ పనిచేయబోమని వారిచేత ప్రమాణం చేయించాడు. అయినా విద్య కట్టుబడి ఉంటుందా? ఊరూరా పాకింది.

ఇంగ్లండు సంగతి చూడండి. 17వ శతాబ్దంలో అక్కడివారు మంచి తెల్లకాగితాన్ని ఎక్కువగా ఫ్రాన్సు నుంచే తెప్పించుకునేవారు. 1685లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ ప్రొటెస్టంట్ల మతస్వేచ్ఛను రద్దు చేశాడు. దేశం విడిచినవారిలో కాగితం పనివారూ ఉన్నారు. వారి చేతులతో పాటు నేర్పు కూడా ఇంగ్లండుకు, హాలెండుకు వెళ్లిపోయింది. 18వ శతాబ్దంలో ఇంగ్లండు తన అవసరాలను చాలావరకు తానే తీర్చుకోసాగింది.

1799లో ఫ్రాన్సులో నికొలా లూయీ రొబేర్ కాగితం యంత్రానికి పేటెంటు పొందాడు. దానిని పనికొచ్చేలా తీర్చిదిద్దింది మాత్రం ఇంగ్లండువారు. యంత్రం వచ్చాక చింకిగుడ్డలకు కరువొచ్చింది. 1861 నాటికి బ్రిటన్ కాగితంపై పన్నులు ఎత్తివేసింది. పొరుగు దేశాలేమో తమ గుడ్డపీలికలు బయటికి పోకుండా సుంకాలు విధించాయి. "వారి కాగితం మన రేవుకు సుంకం లేకుండా వస్తోంది, వారి గుడ్డలు మాత్రం రావడం లేదు" అన్నది బ్రిటిష్ మిల్లుల గోడు. వారు స్పెయిన్ నుంచి ఎస్పార్టో గడ్డి తెప్పించుకుని గట్టెక్కారు.

అసలు మలుపు చెట్టుతో వచ్చింది. 1840లలో జర్మనీలోని సాక్సనీలో కెల్లర్ కొయ్యను అరగదీసి గుజ్జు చేశాడు. 1874లో స్వీడన్‌లోని బెర్గ్‌విక్‌లో రసాయనాలతో గుజ్జు తీసే మిల్లు నడిచింది. గుడ్డలకు కొరత ఉన్నచోట అడవులు ముందుకు వచ్చాయి. ఉత్తరాది దేశాలు మొదట కలప, పిమ్మట గుజ్జు, ఆపైన కాగితమే అమ్మసాగాయి. ఫిన్లాండ్ తన కాగితాన్ని రష్యాకు పంపేది. 1917 విప్లవంతో ఆ సంత మూతపడితే, బ్రిటన్ వంటి పడమటి దేశాల వైపు తిరిగింది.

ఈ శతాబ్దంలో గాలి మళ్లీ మారింది. వార్తాపత్రికల కాగితానికి గిరాకీ పడిపోయింది. ఫిన్లాండ్‌లో కైపోలా మిల్లు 2020 చివర మూతపడింది. ఔలు మిల్లు ముద్రణ కాగితం మానుకుని, 2021లో అట్టపెట్టెల కాగితానికి మారింది. జర్మనీ మిల్లులకు ఇప్పుడు ప్రధాన ముడిసరుకు వాడిపారేసిన కాగితమే. చింకిగుడ్డల కథ మళ్లీ మొదటికే వచ్చిందన్నమాట.

ఇందులో ఒకటి గమనించారా? గుడ్డ అయినా, కొయ్య అయినా, చెత్తకాగితమైనా, ముడిసరుకు ఉన్నంత మాత్రాన ఎవరూ బాగుపడలేదు. దానికి నేర్పు జోడించినవారే నిలిచారు. ఆ నేర్పున్న మనిషిని తరిమినవారు నష్టపోయారు, చేరదీసినవారు లాభపడ్డారు. ఈసారి అట్టపెట్టె విప్పినప్పుడు ఈ మాట ఒక్కసారి తలచుకోండి.