అమెరికా మాజీ సైనికులకు గృహ వైద్య సేవలు: చట్టాల చరిత్ర

అమెరికాలో యుద్ధంలో అవయవాలు కోల్పోయిన, లేదా వయసు మీదపడి మంచం పట్టిన మాజీ సైనికులకు ప్రభుత్వ ఖర్చుతో ఇంటివద్దే వైద్యం, పరిచర్య అందుతాయి. వీటిని వెటరన్స్ వ్యవహారాల శాఖ నిర్వహిస్తుంది.

తొలి చట్టాలు సైనికుణ్ణి ఇంటినుంచి ఆశ్రమానికి తరలించాయి. 1865 మార్చి 3న లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం వికలాంగ సైనికుల తొలి జాతీయ ఆశ్రమం మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని టోగస్‌లో వెలిసింది. తరువాతి వందేళ్లూ అదే బాట. 1970ల ఆరంభంలో కొన్ని ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు రోగుల ఇళ్లకే వెళ్లడం మొదలుపెట్టారు. 1999 నవంబరు 30న క్లింటన్ ఆమోదించిన మిలీనియం చట్టం ఇంటివద్ద అందే సేవలను మాజీ సైనికుల వైద్య సదుపాయాల్లో భాగం చేసింది.

2010 మే 5న ఒబామా సంతకంతో వచ్చిన చట్టం పరిచర్య చేసే మనిషి వైపు చూసింది. తీవ్రంగా గాయపడిన సైనికుడికి స్నానం చేయించి, బట్టలు తొడిగి, అన్నం తినిపించే భార్యకో తల్లికో నెలనెలా భృతి, శిక్షణ ఏర్పాటయ్యాయి. అయితే అది 2001 సెప్టెంబరు 11న గానీ ఆ తరువాత గానీ గాయపడినవారి కుటుంబాలకే. వియత్నాం యుద్ధంలో గాయపడిన భర్తకు నాలుగు దశాబ్దాలుగా అదే చాకిరీ చేస్తున్న ఇల్లాలికి భృతి దక్కలేదు. 2018 జూన్ 6న ట్రంప్ సంతకం చేసిన మిషన్ చట్టం ఈ లోపాన్ని సరిదిద్దింది. 2020 అక్టోబరు 1న వియత్నాం, అంతకు ముందు కాలాలవారికి, 2022 అక్టోబరు 1న మిగిలినవారికి తలుపు తెరుచుకుంది.

ఆ తరువాతి ఘట్టం ఎలిజబెత్ డోల్ పేరుతో ముడిపడింది. ఆమె భర్త, సెనేటర్ బాబ్ డోల్, 1945లో ఇటలీలో గాయపడ్డారు. కుడిచేయి పనిచేయకపోవడంతో ఎవరూ కరచాలనానికి ఆ చేయి పట్టుకోకుండా పిడికిట్లో ఎప్పుడూ ఒక కలం ఉంచుకునేవారు. సైనికులకు పరిచర్య చేసే కుటుంబాల కోసం ఆమె 2012లో ఒక ఫౌండేషన్ స్థాపించారు. కాలిఫోర్నియా ప్రతినిధి జూలియా బ్రౌన్లీ ప్రతిపాదించిన, ఎలిజబెత్ డోల్ పేరిటి గృహ సంరక్షణ బిల్లును 2023 డిసెంబరు 5న ప్రతినిధుల సభ 414–5 ఓట్లతో ఆమోదించింది. అంతకు సరిగ్గా రెండేళ్ల ముందు అదే తేదీన బాబ్ డోల్ కన్నుమూశారు. సెనేట్‌లో ఆ బిల్లు ముందుకు కదలక, చివరికి మరింత పెద్ద బిల్లులో కలిసింది. 382–12 ఓట్లతో సభ దాటిన దానిపై బైడెన్ 2025 జనవరి 2న సంతకం చేశారు.

అందులో కీలకం, నర్సింగ్ హోమ్ ఖర్చుతో పోల్చి ఇంటివద్ద సంరక్షణకు పెట్టిన పరిమితి. నర్సింగ్ హోమ్ అంటే మనకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో మాత్రం దీర్ఘకాలం ఉంచుకుని చూసుకునే చోటు. అలాంటి చోట 100 డాలర్లయ్యే సంరక్షణకు ఇంటివద్ద 65 డాలర్లు దాటి ఖర్చుపెట్టకూడదని పాత నిబంధన. దాంతో 70 డాలర్లు కావలసిన మనిషిని 100 డాలర్ల చోటికి పంపవలసి వచ్చేది. కొత్త చట్టం పరిమితిని 100 శాతానికి పెంచింది. వెన్నుపాము గాయాలు, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు వంటి స్థితుల్లో దాన్నీ మించవచ్చు. మాజీ సైనికులను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే ఇతర కుటుంబాలకు అంతవరకు ఆ సైనికులే సొంత డబ్బు చెల్లించేవారు. రోజుకు సగటున 900 మంది వరకు ఆ ఖర్చు శాఖే భరించేలా ఐదేళ్ల అనుమతి దొరికింది.