టోపీ పెట్టుకున్న పుర్రె

నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో ఇళ్లలో పోయినవాళ్ల కోసం పీఠం పెడతారు. వాళ్ల ఫొటోలు, కొవ్వొత్తులు, చక్కెర పుర్రెలు, వాళ్లకిష్టమైన వంటలు, గుట్టలుగా బంతిపూలు. మన బతుకమ్మలోకి ఎక్కే బంతికీ పుట్టిల్లు ఆ దేశమే. మృతుల పండగ అనే ఈ సంబరంలో ఎటు చూసినా కనిపించే బొమ్మ ఒకటుంది: ఈకల టోపీ, నేల జీరాడే గౌను వేసుకున్న అస్థిపంజరపు దొరసాని. పేరు కత్రీనా. ఏ అజ్‌టెక్‌ల నాటి దేవతో అనిపిస్తుంది గానీ, ఆమె అచ్చాఫీసులో పుట్టింది.

గీసినవాడు హోసే గ్వాదలూపె పొసాదా. 1852లో అగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టి, మెక్సికో నగరంలో వానెగాస్ అరోయో అచ్చుకూటానికి బొమ్మలు చెక్కేవాడు. హత్యలు, విపత్తులు, వింతలు, ఏం జరిగినా బొమ్మతో సహా చవక కాగితం మీద వేసి వీధుల్లో అమ్మేవారు. చదువురానివాళ్లకు ఆ బొమ్మే వార్త. మృతుల పండగ వస్తే నాయకుల్నీ పెద్దమనుషుల్నీ పుర్రెలుగా గీసి, పక్కన ఎకసెక్కపు పద్యాలు అచ్చేసేవారు.

1910 తర్వాతి ఏళ్లలో ఆయన జింకు రేకు మీద గీసిన కత్రీనా పుర్రెకు అప్పటికి ఒళ్లు లేదు. తల, దాని మీద పూలూ ఈకలూ కుక్కిన ఫ్రెంచి టోపీ, అంతే. ఆదివాసీ పుట్టుకను దాచుకుని ఐరోపా దొరసానుల్లా తయారయ్యే ఆడవాళ్ల మీద విసురు అది. అందులో కాస్త కాఠిన్యమూ ఉంది. ఆ మోజు పుట్టించింది పైవాళ్లు, వెక్కిరింత మాత్రం పేదింటి ఆడవాళ్లకు తగిలింది.

బొమ్మ అచ్చయిన 1913లోనే, జనవరిలో, పొసాదా పేదరికంలో పోయాడు. దోలోరెస్ శ్మశానంలో ఉచితంగా ఇచ్చే చోట పూడ్చారు. అడిగేవాళ్లు లేక ఏడేళ్లకు ఎముకలు తీసి అందరివీ కలిపే గోతిలో వేశారు. సమాధుల్ని పూలతో నింపే పండగకు ముఖాన్నిచ్చిన మనిషికి పువ్వు పెట్టడానికి సమాధే లేదు.

1947లో చిత్రకారుడు దియేగో రివేరా కత్రీనాకు ఒళ్లిచ్చాడు. హోటల్ దెల్ ప్రాదో కోసం వేసిన సుమారు 15 మీటర్ల కుడ్యచిత్రంలో ఆమెను నడిమధ్యన నిలబెట్టాడు. ఒక పక్క పొసాదా, ఇంకో పక్క ఆమె చెయ్యి పట్టుకున్న పిల్లవాడిగా రివేరా. ఆమె మెడలో ఈకల పాము, ఆ నేల పాత దైవం కెత్సాల్‌కోఆత్ల్ గుర్తు. పుట్టుకను దాచుకుందని నవ్వులపాలైన ఆమె చేతే రివేరా ఆ పుట్టుకను మెడలో వేయించాడు. 1985 భూకంపంలో హోటలు దెబ్బతింది. చిత్రం నిలిచింది, ఇప్పుడు దానికి సొంత మ్యూజియం ఉంది.

మిచోవాకాన్ రాష్ట్రంలోని కపూలా ఊళ్లో కత్రీనాలను మట్టితో చేస్తారు, అదే అక్కడ ఎన్నో ఇళ్లకు జీవనాధారం. 2015లో జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’ మెక్సికో నగర వీధుల్లో మృతుల పండగ భారీ ఊరేగింపు చూపించింది. అలాంటిది అక్కడ అప్పటిదాకా లేదు. మరుసటి ఏడు నగరమే దాన్ని మొదలుపెట్టింది.