మన్యానికి బాధ్యులెవరు?

మన్యం అభివృద్ధి మాట వచ్చినప్పుడల్లా కేంద్రం నిధులిస్తుందనీ, రాష్ట్రం అమలు జరుపుతుందనీ, పంచాయతీ సహకరిస్తుందనీ చెప్పడం పరిపాటి. కాని యీ పంపకంలో అధికారం ఎవరికి దక్కింది, బాధ్యత ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్నకు జవాబు చరిత్రలోనే వుంది.

1839 చట్టంతో కంపెనీ ప్రభుత్వం విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు చట్టాల పరిధినుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించింది. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా వచ్చిందే. 1882 అటవీచట్టం పోడుకు సంకెళ్లు వేసింది. ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకూడదని 1917 చట్టం అన్నది. అంటే అణచే చేయీ, కాపాడే చేయీ ఒకే ప్రభుత్వానివి. దానికి గిరిజనులు 1922–24 తిరుగుబాటుతో సమాధానం చెప్పారు.

1950లో రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు యీ ఏర్పాటుకు కొత్త రూపమిచ్చింది. గవర్నరు రాష్ట్రపతికి నివేదిక పంపాలి. కేంద్రం రాష్ట్రాన్ని ఆదేశించవచ్చు. గిరిజన సలహామండలికి మాత్రం సలహా చెప్పడం వరకే హక్కు. 1959 భూబదిలీ రెగ్యులేషన్ వచ్చినా షావుకార్ల ఆక్రమణ ఆగలేదు. గిరిజనేతరుల మధ్య బదిలీలను సైతం నిషేధించిన సవరణ 1970లో వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం కొండలు పోరాటంతో రగులుతున్నాయి. యీ రెండూ ఒకే కాలంలో జరగడం కాకతాళీయమని ఎవరనగలరు?

1960లలో కేంద్రం అరకు మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసింది. బైలదిల్లా ఇనుపఖనిజం విశాఖ రేవు చేరడం దాని ముఖ్యోద్దేశం. దారిలో వున్న కొండపల్లెల అవసరాలు ఆ ప్రణాళికకు మూలం కావు.

రక్షకుడే నియమం తప్పితే? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ల వ్యాజ్యంలో, ‘సమత’ కేసులో, 1997లో సుప్రీంకోర్టు యీ ప్రశ్నకే జవాబిచ్చింది: భూబదిలీ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనులు కౌలుకివ్వడం చెల్లదు.

గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టాన్ని పార్లమెంటు 1996లో చేసింది. రాష్ట్రచట్టం 1998లో, నియమాలు 2011లో వచ్చాయి. ఢిల్లీనుంచి అరకు గ్రామసభ దాకా ఒక హక్కు నడిచి రావడానికి పదిహేనేళ్లు పట్టింది! 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, కలెక్టరు కచేరీ కొండమీదికే వచ్చింది. మంచిదే. కాని కచేరీ దగ్గరవడం వేరు, నిర్ణయాధికారం దగ్గరవడం వేరు.

బాధ్యత పలువురి మధ్య పంచబడినప్పుడు, తప్పు జరిగితే ప్రతివాడూ పక్కవాడిని చూపిస్తాడు. అందుచేత మన్యంలో ఏ పథకాన్నయినా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: కాదనే హక్కు గ్రామసభకు వుందా? ఆ హక్కు దానంతటది రాలేదు, రాదు. గిరిజనులు పోరాడి తెచ్చుకున్న ప్రతి చట్టమూ మనకు చెబుతున్న పాఠమిదే.